అప్‌డేట్: బుర్ర ఒప్పుకుంటోంది, మనసు ఆనుకోవట్లేదని అడిగాను కదా

యేసు చనిపోయి లేచాడని ఒప్పుకుంటాను గానీ ఆయన మీద భారం వెయ్యలేకపోతున్నానని వేసవిలో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పునరుత్థానం రుజువుల వీడియోలు మంచివే, కానీ నా అనుమానం అక్కడ లేదు. మళ్లీ బాప్తిస్మం తీసుకోమన్న సలహా అసలు సంబంధం లేనిది.

పనికొచ్చింది బైబిల్లో మార్కు సువార్త 9:24 చూడమన్న అక్క మాట. అక్కడ దయ్యం పట్టిన కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం అడుగుతాడు, అయినా యేసు కొడుకుని బాగుచేస్తాడు. గాజువాకలో మా పాస్టర్‌గారు కూడా అదే పట్టుకుని, విశ్వాసాన్ని తెలుసుకోవడం, ఒప్పుకోవడం, ఆనుకోవడం అని సంస్కరణ కాలం వాళ్లు, అంటే ప్రొటెస్టెంట్ సంఘాలు మొదలైనప్పటి బోధకులు, మూడుగా చెప్పారు, నువ్వు రెండో దాని దగ్గర కూర్చుని ఫీలింగ్స్ కొలుచుకుంటున్నావు, యేసు చెప్పినవాటిలో నీకు బాగా కష్టమైనది ఒకటి చెయ్యి అన్నారు. నాకది మధురవాడ స్థలం గొడవలో మాటలు మానేసిన చిన్నాన్నని క్షమించడం. క్షమించానంటే స్థలం పోతుందేమోనన్న భయాన్నే ఉన్నదున్నట్టు ప్రార్థనలో చెప్పి, బస్సు దిగి రోడ్డు పక్కనే చిన్నాన్నకి కాల్ చేశాను. ఆయన ముందు తిట్టారు, తర్వాత అన్నం తిన్నావా అన్నారు.

స్థలం ఇంకా తేలలేదు. అనుమానాలు ఇప్పటికీ వస్తాయి, కాకపోతే టెన్షన్ వస్తే వీడియోలు వెతకడం మానేసి ముందు యేసుతోనే చెప్పుకుంటున్నాను.