180 ఫ్లైలు, నాలుగు డబ్బాలు, కావలసింది మాత్రం దొరకదు: ఫ్లై బాక్సులు ఎలా ఎంచుకోవాలి, ఎలా సర్దాలి?

చెరువుగట్టు (ప్రశ్న)

కొలరాడోలో డెన్వర్ పక్కన ఉంటాను. ఫ్లైలతో, అంటే గాలానికి ఈకా దారం కట్టి చేసిన ఉత్తుత్తి పురుగులతో, ట్రౌట్ చేపలు పడుతుంటాను. ఎక్కువగా వెళ్ళేది సౌత్ ప్లాట్ నది మీద డెక్కర్స్, చీస్‌మన్ కాన్యన్. ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు ఫ్రయింగ్ పాన్ అనే ఏటికి. చేతిలో సుమారు 180 ఫ్లైలు ఉన్నాయి. అన్నీ కొన్నవే, కట్టడం రాదు. కొన్ని షాపువాళ్ళిచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో, కొన్ని అరల డబ్బాలో, మిగతావి రెండు ఫోమ్ డబ్బాల్లో. మిడ్జ్ (దోమలాంటి చిన్న పురుగు) పక్కన హాపర్ (మిడత), దాని పక్కన ఎగ్ ఫ్లై (చేపగుడ్డు). ఏట్లో నిలబడి 22 నంబర్ (నంబర్ పెరిగేకొద్దీ గాలం చిన్నది) వెతకడానికే పది నిమిషాలు పోతోంది. నీటి మీద తేలే డ్రై ఫ్లైల ఈకలన్నీ ఒక పక్కకి వాలిపోయాయి. ఒక వరస మొత్తం తుప్పు పట్టింది, అదీ వాటర్‌ప్రూఫ్ అని కొన్న డబ్బాలో.

అడిగేది ఇదీ: ఎన్ని డబ్బాలు ఉండాలి? ఫోమా, సిలికోనా, మాగ్నెటా, అరలా? పురుగు పేరు బట్టి సర్దాలా, సైజు బట్టా? వాటర్‌ప్రూఫ్ డబ్బాలో తుప్పెలా వచ్చింది?

గాలపుముడి

ముందు తుప్పు సంగతి. మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ బయటి నీళ్ళని లోపలికి రానివ్వదు, నిజమే. లోపలి తడినీ బయటికి పోనివ్వదు. వాడిన ఫ్లైని తడితోనే గుచ్చి మూత బిగిస్తే ఆ నీరు ఫోమ్ చీలికలోకి దిగి అక్కడే నిలుస్తుంది. గాలం వంపు ఉండేది ఆ చీలికలోనే. అందుకే తుప్పు అక్కడ మొదలవుతుంది, పైనుంచి చూస్తే ఫ్లై కొత్తదానిలాగే ఉంటుంది. ఆ తడే ఆవిరై పక్కనున్న పొడి ఫ్లైలకీ అంటుకుంటుంది. ఒక వరస మొత్తం పోవడానికి ఒక్క తడి ఫ్లై చాలు.

కాబట్టి వాడిన ఫ్లై ఆ రోజు తిరిగి డబ్బాలోకి పోకూడదు. ఒంటికి తగిలించుకునే ప్యాక్ బయట చిన్న ఫోమ్ ముక్కో, గొర్రె ఉన్ని ప్యాచో పెట్టుకుని దానికి గుచ్చండి. ఇంటికొచ్చాక అన్ని డబ్బాలూ మూత తెరిచి రాత్రంతా ఉంచండి, ఏట్లో తెరవని డబ్బా కూడా. మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పడేస్తే మంచిదే, కానీ అది ఆరబెట్టడానికి బదులు కాదు. బియ్యం పోయమని కొందరు చెబుతారు. వద్దు, ఆ పిండి చీలికల్లోకి పోతుంది.

తుప్పు పట్టినవి ఏం చెయ్యాలంటే, మరక గుడ్డతో తుడిస్తే పోయి, మొన బొటనవేలి గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకుంటే వాడుకోవచ్చు. వంపు దగ్గర పొలుసులా రాలితే ఫోర్సెప్స్‌తో మెల్లగా తెరిచి చూడండి. విరిగేదైతే అక్కడే విరుగుతుంది. చేప నోట్లో విరగడం కంటే నయం.

ఇక ఎన్ని డబ్బాలంటే, పోపుల పెట్టె గుర్తు తెచ్చుకోండి. రోజూ చెయ్యి పడేవి అందులో, నెల సరుకు అటక మీద. మీకు ఒంటి మీద మూడు చాలు:

ఒకటి, నింఫులకి (నీటిలో మునిగే పిల్లపురుగుల్లాంటి ఫ్లైలు) పలచటి సిలికోన్ డబ్బా. రెండు వైపులా చీలికలుండేది, చొక్కా జేబులో పట్టేంత. రెండు, డ్రై ఫ్లైలకి లోతు డబ్బా. మూడు, స్ట్రీమర్లకి (చిన్న చేపల్లా కనపడే ఫ్లైలు) చిన్నది. మిగిలినవన్నీ కారులో ఉండే పెద్ద డబ్బాలోకి పోతాయి. చలికాలంలో హాపర్లు అందులోకి, ఆగస్టులో ఎగ్ ఫ్లైలు అందులోకి. కారులోది వెనక సీటు కింద నీడలో ఉండాలి. ఎండలో డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఫోమ్ వెనక జిగురు కరిగి షీటు మొత్తం ఊడి చేతికొస్తుంది.

ఫోమ్ కంటే సిలికోన్ ఎందుకంటే, ఫోమ్ చీలిక వాడే కొద్దీ వదులవుతుంది, ముల్లున్న (మొన దగ్గర వెనక్కి వాలి ఉండే చిన్న కొక్కెం) గాలాన్ని లాగిన ప్రతిసారీ కొంచెం చిరుగుతుంది. సిలికోన్ మళ్ళీ మూసుకుంటుంది. ఏదైనా సరే, గుచ్చే ముందే ముల్లు నొక్కేయండి. చదును దవడల ఫోర్సెప్స్‌తో, ముల్లు వాలిన దిశలోనే, మొన కొస పట్టకుండా. అడ్డంగా పట్టి నొక్కితే 20 నంబర్ మొన పుటుక్కున పోతుంది. చీస్‌మన్ కాన్యన్లో పట్టిన ట్రౌట్ ప్రతిదీ వదిలెయ్యాల్సిందే కాబట్టి చేపకీ అదే మేలు.

వెనకఫ్లై

సర్దడం దగ్గర నా లెక్క వేరు. పేరూ కాదు, సైజూ కాదు. ఏట్లో నిలబడ్డప్పుడు మీకు మీరు వేసుకునే ప్రశ్న ఏ వరసలో వస్తుందో డబ్బా ఆ వరసలో ఉండాలి.

డెక్కర్స్‌లో నింఫు రిగ్ (దారానికి ఫ్లైలు కట్టే అమరిక) అంటే సాధారణంగా రెండు ఫ్లైలు. ముందు కనపడేది, బరువైనది. దాని వెనక 12 నుంచి 18 అంగుళాల సన్న దారానికి, అంటే టిప్పెట్‌కి చిన్నది. మార్చాలనుకున్నప్పుడు మొదటి ప్రశ్న "ముందుదా, వెనకదా?" తర్వాత "ఇంకా చిన్నదా?" ఆ తర్వాతే "రంగు మార్చనా?" పేరు చివర్న వస్తుంది, చాలాసార్లు అసలు రాదు. నల్ల జీబ్రా మిడ్జ్‌కీ బ్లాక్ బ్యూటీకీ తేడా చేప అడగదు, మనమే అడుగుతాం.

అందుకని నింఫు డబ్బాలో ఎడమ పక్క మొత్తం మిడ్జ్‌లకి. నిలువు వరసలు సైజులు: 18, 20, 22, 24. అడ్డ వరసలు రంగులు: నలుపు, ఎరుపు, ఆలివ్. ఒక్కో గడిలో నాలుగేసి, మొత్తం 48. ఎక్కాల పట్టికలాగా ఉంటుంది. 22 ఎరుపు ఎక్కడుందో చూడకుండానే వేలు వెళ్తుంది. ఖాళీ గడి కనపడిందంటే కొనాల్సిందేదో తెలిసినట్టే.

కుడి పక్క పై భాగం మేఫ్లై (ఏట్లో పుట్టే సన్న రెక్కల పురుగు) నింఫులు: ఫెజెంట్ టెయిల్ 16, 18, 20, ఆర్‌ఎస్2 బూడిద, ఆలివ్ రంగుల్లో 20, 22, జుజు బేటిస్ 20. ఎనిమిది రకాలు, నాలుగేసి చొప్పున 32. ఆర్‌ఎస్2 కొలరాడోలోనే, రిమ్ చుంగ్ చేతిలో పుట్టిన ఫ్లై. సౌత్ ప్లాట్ మీద అది లేని డబ్బా ఉప్పు లేని పప్పే.

కుడి కింది భాగం ముందు ఫ్లైలు: ఎర్ర శాన్ వాన్ వర్మ్ నాలుగు, ఎగ్ ఫ్లై నాలుగు, కాడిస్ లార్వా 14, 16 మూడేసి, టంగ్‌స్టన్ పూస ఫెజెంట్ టెయిల్ ఆరు. మొత్తం 20. వెనక ఫ్లైలు నాలుగేసి ఎందుకంటే 6ఎక్స్ అనే బాగా సన్న టిప్పెట్‌తో రాళ్ళ మధ్య పోయేవి అవే.

టంగ్‌స్టన్ పూస, ఇత్తడి పూస చూడటానికి ఒకేలా ఉంటాయి, టంగ్‌స్టన్ బరువు మాత్రం దాదాపు రెట్టింపు. కలిపేస్తే ఒక్కోసారి ఫ్లై అడుక్కి చేరదు, ఎందుకో అర్థం కాదు. మాగ్నెట్‌తో పట్టుకుందామంటే కుదరదు, గాలం ఎటూ అంటుకుంటుంది. కొన్న రోజే టంగ్‌స్టన్ వాటి తల మీద గోళ్ళ రంగు చుక్క పెట్టండి.

గాలాలన్నీ ఒకే దిక్కు చూడాలి, మధ్యలో ఫోర్సెప్స్ మొన దూరేంత సందుండాలి. డబ్బా మీద 300 పడతాయని రాసుంటుంది. అన్నీ గుచ్చితే చలికి మొద్దుబారిన వేళ్ళతో ఒకటి తీయబోయి మూడు తీస్తారు.

సన్నపురుగు

మాగ్నెట్ డబ్బా గురించి ఒక మాట. 20, 22, 24లకు బాగనే ఉంటది. అంత చిన్న గాలం చీలికల గుచ్చుడు, గుంజుడు పెద్ద పని. మాగ్నెట్ మీద పడేస్తే అయిపాయె. కానీ ఒక్కసారి బండ మీద పడ్డదంటే అన్నీ జారి ఒక్క ముద్ద అయితయి. పూస ఉన్న 14, 16 అసలే వద్దు, బరువుకు జారుతయి. ఇంకోటి, ఎన్నో దినాలు మాగ్నెట్ మీదనే ఉన్న గాలాలకు కూడా కొద్దిగా అయస్కాంతం ఎక్కుతది. ఒకటి తీస్తే రెండోది తోక పట్టుకొని వస్తది. ట్రైకోలు (బాగ చిన్న మేఫ్లైలు) లేచే టైములో పొద్దున రెండు గంటలే ఆట, గప్పుడు గీ తిప్పలు పడలేం.

గాలపుముడి

వెనకఫ్లై గారి పట్టిక నా డబ్బా కంటే బాగుంది, ఒప్పుకుంటున్నా. డ్రై ఫ్లైల సంగతి నేను పూర్తి చేస్తాను.

ఈకలు వాలిపోవడానికి కారణం పలచటి డబ్బా. కొనేముందు మీ దగ్గరున్న వాటిలో ఎత్తైన ఫ్లైని గుచ్చి, మూత మెల్లగా వేస్తూ పక్కనుంచి చూడండి. ఈక మూతకి తగలకూడదు. అరల డబ్బా అయితే ఒక్కో అరలో నాలుగైదుకి మించొద్దు. అరల్లో గొడవ గాలి. కాన్యన్లో ఒక్క విసురు వస్తే మూత తెరిచిన డబ్బాలోంచి 22 నంబర్ ట్రైకోలన్నీ ఏట్లో కలుస్తాయి. ఇంగ్లండ్‌లో చేసే వీట్లీ అల్యూమినియం డబ్బాల్లో ఒక్కో అరకీ విడిగా స్ప్రింగు మూత ఉంటుంది, ఆ బాధ లేదు. కానీ బరువు, ఖరీదు. మామూలు అరల డబ్బాతోనే గడపాలంటే గాలికి వీపు పెట్టి, ప్యాక్ మీద ఆనించి తెరవండి.

డ్రై డబ్బాలో ఉండాల్సినవి: పారాషూట్ ఆడమ్స్ 16 నుంచి 22 దాకా నాలుగేసి, గ్రిఫిత్స్ నాట్ 20, 22 మూడేసి, ఎల్క్ హెయిర్ కాడిస్ 14, 16, 18 మూడేసి, ట్రైకో స్పిన్నర్ 22, 24 నాలుగేసి, బ్లూ వింగ్ ఆలివ్ 20, 22 మూడేసి, 10 నంబర్ హాపర్ మూడు. మొత్తం 48. స్ట్రీమర్లు ఎనిమిది, నల్లవి, ఆలివ్‌వి వూలీ బగ్గర్లు 6 నుంచి 10 దాకా. నింఫులు వందతో కలిపితే ఒంటి మీద 156, కారులో 24. మీ 180 అచ్చం ఇలాగే ఉండవు, ఖాళీలు మెల్లగా నింపుకోండి. ఒక్కోటి రెండు మూడు డాలర్లు కదా, ఒక్కసారే కొంటే గుండె గుభేలుమంటుంది.

వాలిన ఈకలకి మందుంది. టీ నీళ్ళు మరుగుతుంటే ఫ్లైని ఫోర్సెప్స్‌తో పట్టి ఆవిరిలో ఐదు పది సెకన్లు తిప్పండి. ఈక లేచి నిలబడుతుంది. పూర్తిగా ఆరాకే లోపల పెట్టాలి.

చెరువుగట్టు

చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. కప్పుల్లో కలిసిపోయిన వాటి సైజు ఎలా తెలుసుకోవాలి? ఫ్రయింగ్ పాన్‌కి విడిగా డబ్బా కావాలా?

వెనకఫ్లై

సైజుకి: తెల్లటి పళ్ళెం ఒకటి, ఐస్ ట్రే రెండు తీసుకోండి. అన్నీ పళ్ళెంలో పోసి మొదట నింఫు, డ్రై, స్ట్రీమర్ అని మూడు కుప్పలు చెయ్యండి. షాపులో సైజు చెప్పి 16, 18, 20, 22 ఒక్కోటి కొని, అట్టముక్కకి వరసగా గుచ్చుకోండి. అదే మీ కొలబద్ద. ప్రతి ఫ్లైనీ దాని పక్కన పెట్టి, గాలం మొనకీ కాడకీ మధ్య ఎడం పోల్చండి. పొడవు చూస్తే మోసపోతారు, కొన్ని గాలాల కాడ పొడుగు. ముల్లు నొక్కడం, తుప్పువి ఏరడం కూడా అదే కూర్చోడంలో అయిపోతుంది. గంటన్నర పని.

ఫ్రయింగ్ పాన్‌కి డబ్బా అక్కర్లేదు, ఒక చిన్న కప్పు చాలు. రూడై డ్యామ్ కింద నీళ్ళలోకి మైసిస్ రొయ్యలు కొట్టుకొస్తాయి. అక్కడికి తెల్లటి మైసిస్ 16, 18 ఆరు. గ్రీన్ డ్రేక్ (పెద్ద మేఫ్లై) 10, 12 నాలుగు. పీఎండీ (పేల్ మార్నింగ్ డన్ అనే మేఫ్లై) 16, 18 నాలుగు. వెళ్ళే రోజు హాపర్లు తీసి ఇవి పెట్టుకోండి.

సన్నపురుగు

కొత్త డబ్బా ఏటికి తీస్కపోయే ముందు ఒక పని చెయ్యిండ్రి. ఫ్లైలన్నీ గుచ్చినంక బకెట్ల నీళ్ళు పోసి డబ్బాను అండ్ల వెయ్యిండ్రి. ఖాళీది తేలుతది, టంగ్‌స్టన్ నిండినది మునగొచ్చు. మునిగేదైతే దారం కట్టి ప్యాక్‌కు ముడెయ్యాలె. రంగు గూడ నారింజదో పసుపుదో తీస్కోండ్రి, ఆకుపచ్చది గడ్డిల పడితే మళ్ళ కనవడదు. 2002ల హేమన్ అడవి మంటల తర్వాత ఆ కొండల కెల్లి వచ్చిన గ్రానైట్ ఇసుక ఇంకా ఏట్లున్నది. రబ్బరు పట్టీల ఒక్క రేణువు ఇరుక్కున్నా నీళ్ళు లోపలికి వస్తయి. మూత వేసేముందు వేలుతోని ఒకసారి చుట్టూ తుడవాలె.