ఇంట్లోకి రబ్బరు మొక్కా, బెంజమినానా?

మియాపూర్ అద్దెఇల్లు:
హాల్లో తూర్పు కిటికీ పక్కన పెట్టడానికి ఒక మొక్క కావాలండి. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పది రోజులకోసారి నీళ్లు పోయగలం. నర్సరీ అతను బెంజమినా అనే చిన్నాకుల మొక్క ఇస్తానంటున్నాడు. రబ్బరు మొక్క మేలంటారా?

మేడమీద తోట:
రబ్బరు మొక్కే తీసుకోండి. దళసరి ఆకు, నీళ్లు ఆలస్యమైనా తట్టుకుంటుంది. మట్టిలో వేలు పెట్టి చూసి, రెండు అంగుళాలు పొడిగా ఉంటేనే పోయండి. బెంజమినాను నాకూ మొండి మొక్క అనే అమ్మారు. వారం తిరక్కముందే హాలంతా రాలిన పచ్చాకులు. ఎనిమిది వందలు పోయాయి.

గోదారిగట్టు:
చోటు మారితే అది ఆకు రాలుస్తుందండి. కదపకుండా ఉంచితే మళ్లీ చిగురిస్తుంది. ఎన్నాళ్లు ఆగారు?

మేడమీద తోట:
మూడు వారాలు. ఏసీ ఎదురుగా ఉండేది.

గోదారిగట్టు:
ఏసీ గాలిలో పెట్టి మొక్కని తప్పుపడితే ఎలా?

మేడమీద తోట:
ఏసీ రాత్రి రెండు గంటలే వేస్తాం!

గోదారిగట్టు:
రెండు గంటలైనా పొడిగాలి పొడిగాలే.

పిల్లులిల్లు:
రెండింటికీ పాలు కారతాయి. పిల్లి కొరికితే వాంతులవుతాయి, ఎత్తులో పెట్టండి.

సికింద్రాబాద్ కోడలు:
మర్రి, రావి జాతే కదా, పాలు కారే చెట్టు ఇంట్లో వద్దని మా అత్తగారు ఒప్పుకోలేదు.

గోదారిగట్టు:
మేఘాలయలో ఖాసీ గిరిజనులు ఈ రబ్బరు చెట్టు వేళ్లనే అల్లి వాగుల మీద వంతెనలు పెంచుతారండి. భయమెందుకు? ఏ మొక్కయినా రోజూ ఒకసారి చూడాలి. చూడలేనివాళ్లు ప్లాస్టిక్‌ది కొనుక్కోవాలి.

మేడమీద తోట:
ఆ మాట నాకేనా? ఆ మూడు వారాలూ మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. రాత్రి పదింటికి ఇంటికొచ్చేదాన్ని. ఇంట్లో పచ్చగా ఒక్కటైనా ఉండాలని కొన్నాను. తీరిక లేనివాళ్లకి మొక్క పెంచే అర్హత లేదంటారా?

గోదారిగట్టు:
అమ్మగారి సంగతి తెలియదు, క్షమించండి. అర్హత మాట తప్పే. కానీ "చూడక్కర్లేదు" అని అమ్మడం మీదే నా కోపం. మా వీధి చివర చెత్తకుప్పలో నెలకో ఎండిన మొక్క కుండీతో సహా కనిపిస్తుంది.

మేడమీద తోట:
ఆ కోపం నాకూ ఉంది. అందుకే ముందే తట్టుకునేది ఎంచుకోమంటున్నాను.

మియాపూర్ అద్దెఇల్లు:
రబ్బరు మొక్కే తెచ్చామండి, రెండడుగులుంది. ఆకుల మీద దుమ్ము ఎలా తుడవాలి?

గోదారిగట్టు:
తడిగుడ్డతో. ఆకు కింద అరచెయ్యి ఆనించి, మెల్లగా.