“బోర్డర్‌లైన్ ట్రెయిట్స్” అని మాత్రమే ఉన్న చార్టుకు ఎఫ్60.3 వేయవచ్చా?

ప్రశ్న: బ్రాడీపేట కోడర్, గుంటూరు
నమస్కారం. అమెరికా క్లయింట్లకు మెడికల్ కోడింగ్ (బీమా క్లెయిముల కోసం చార్టుల్లోని జబ్బులకు కోడ్‌లు వేయడం) చేసే కార్యాలయంలో పనిచేస్తూ, ఈమధ్యే సైకియాట్రీ ఔట్‌పేషెంట్ చార్టులకు మారాను. ఒక చార్టులో వైద్యుడు అసెస్‌మెంట్ కింద “ఎమోషనల్ లేబిలిటీ, ఇంపల్సివ్‌నెస్, బోర్డర్‌లైన్ ట్రెయిట్స్, రూల్ అవుట్ బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్” అని రాశారు (అంటే త్వరగా మారే భావోద్వేగాలు, తొందరపాటు, బోర్డర్‌లైన్ లక్షణాలు ఉన్నాయి; ఆ వ్యక్తిత్వ రుగ్మత ఉందో లేదో ఇంకా తేల్చాలి). మా టీములో ఒకరు ఎఫ్60.3 (బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ కోడ్) అని, మరొకరు ఎఫ్60.9 అని అంటున్నారు. శిక్షణలో ఇచ్చిన నోట్సులో ఎఫ్60.31 ఉంది. ఏది సరైనదో దయచేసి వివరించగలరు.

జవాబు: బెంజి సర్కిల్ ఆడిటర్, విజయవాడ
మూడూ కావండి. ఔట్‌పేషెంట్ చార్టుల్లో ప్రాబబుల్, సస్పెక్టెడ్, రూల్ అవుట్ వంటి మాటలతో రాసిన జబ్బును ఉన్నట్టుగా కోడ్ చేయకూడదని ఐసీడీ-10-సీఎం (అమెరికాలో వాడే జబ్బుల కోడ్‌ల జాబితా) మార్గదర్శకాల నాలుగో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ విజిట్‌లో ఎంతవరకు నిశ్చయంగా తేలిందో అంతవరకే వేయాలి. కాబట్టి మీ చార్టుకు ఆర్45.86 (ఎమోషనల్ లేబిలిటీ), ఆర్45.87 (ఇంపల్సివ్‌నెస్) సరిపోతాయి. ట్రెయిట్స్ ఉన్నంత మాత్రాన డిజార్డర్ ఉన్నట్టు కాదు. ఇక ఎఫ్60.9 అన్నది, పర్సనాలిటీ డిజార్డర్ ఉందని వైద్యుడు తేల్చి, అది ఏ రకమో చెప్పనప్పుడు వాడవలసిన కోడ్. అనుమానాన్ని దాని కింద సర్దేయడం చాలామందికి అలవాటైపోయింది. ఒకసారి రోగి రికార్డులోకి ఎక్కిన ఎఫ్60 తరువాతి క్లెయిముల్లోనూ వెంటాడుతుందని మరవకండి.

జవాబు: కొత్తపేట, గుంటూరు
ఎఫ్60.31 ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-10 లోనిది. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న ఐసీడీ-10-సీఎంలో బోర్డర్‌లైన్ ఎఫ్60.3తోనే ఆగుతుంది, ఐదో అక్షరం చేరిస్తే చెల్లని కోడ్ అని క్లెయిము వెనక్కి వస్తుంది. నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ విషయంలో ఇది తిరగబడుతుంది: అక్కడ ఎఫ్60.8 దగ్గర ఆగకుండా ఎఫ్60.81 వరకు వెళ్లాలి. స్కిజోటైపల్‌ను ఎఫ్60లో వెతకవద్దు, అది ఎఫ్21.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. ఇదే మాట సైకియాట్రిక్ ఆసుపత్రి డిశ్చార్జి సమరీలో ఉంటే?

జవాబు: బెంజి సర్కిల్ ఆడిటర్
ఇన్‌పేషెంట్‌గా చేరిన రోగికి డిశ్చార్జి నాటికి కూడా “ప్రాబబుల్” అనే రాసి ఉంటే, ఆసుపత్రి క్లెయిములో జబ్బు ఉన్నట్టుగానే కోడ్ చేయాలి. అయితే ఉత్త ట్రెయిట్స్‌కు ఆ వెసులుబాటు లేదు. సందేహముంటే వైద్యునికి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపండి, కానీ “బోర్డర్‌లైనే కదా?” అని జవాబును మీరే అందించేలా మాత్రం రాయకండి.