కోటి పెట్టి పైలట్ కోర్సు చేయించాలా? 30,000 మంది కావాలంటున్నారు, మరి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) ఉన్నవాళ్లు ఇంట్లో ఎందుకున్నారు?

గోదారి నాన్న

మా అబ్బాయికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఇంజినీరింగ్ వద్దు, పైలటే అవుతానని పట్టుబట్టాడు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్తే, దేశానికి 30,000 మంది పైలట్లు కావాలి, ఇప్పుడున్నది ఆరేడు వేల మందే, సీపీఎల్ చేతికొచ్చిన ఆరు నెలల్లో ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం గ్యారంటీ అన్నారు. మన సిక్కోలు ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు కూడా ఈ అంకె చెప్పారని పేపర్ కటింగ్ చూపించారు. ఇంకోపక్క మా బంధువుల అబ్బాయి సీపీఎల్ తెచ్చుకుని చాలాకాలంగా ఇంట్లోనే ఉన్నాడు, వాళ్ల నాన్న ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు. నేను చేయించాలంటే పొలం అమ్మాలి, ఇంకో దారి లేదు. ఈ రెండింట్లో ఏది నిజమో తెలిసినవాళ్లు దాచకుండా చెప్పండి.

రన్‌వే 27

చేయించండి అన్నా. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది, అదే ఏడాది జూన్‌లో ఇండిగో ఒక్కసారిగా 500 ఎయిర్‌బస్ ఎ320 రకం విమానాలు, 2024 జనవరిలో ఆకాసా 150 బోయింగ్ 737 మ్యాక్స్‌లు. ఒక్కో విమానానికి తక్కువలో తక్కువ పది మంది పైలట్లు కావాలి, లెక్క మీరే వేసుకోండి. ఇవాళ చేరినవాడు లైసెన్సుతో బయటికొచ్చేసరికి రెండేళ్లు, మూడేళ్లు పడుతుంది. ఆ విమానాలు వచ్చేదీ అప్పుడే. 2020లో విమానాలన్నీ నేలమీద ఉన్నప్పుడు ఇప్పుడెవరైనా చేరతారా అని అందరూ అన్నారు, అప్పుడు ధైర్యం చేసి చేరిన నా క్లాస్‌మేట్లలో చాలామంది 2023 కల్లా యూనిఫాం వేసుకున్నారు. మార్కెట్ బాగున్నప్పుడు చేరితే బయటికొచ్చేసరికి జనం ఎక్కువైపోతారు, ఈ రంగంలో టైమింగే అంతా.

కుడి సీటు

నేను ఎ320 మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కెప్టెన్ పక్కన కుడి సీట్లో కూర్చునే కో-పైలట్‌ని, ఏ సంస్థో చెప్పను. ముందు ఆ 30,000 సంగతి తేలుద్దాం. మంత్రి గారు చెప్పింది వచ్చే 15–20 ఏళ్లలో కావాలని. ఆ ముక్క కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు. భాగించి చూడండి, ఏడాదికి 1,500 నుంచి 2,000 మంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2022లో ఇచ్చిన సీపీఎల్‌లు 1,165, 2023లో 1,622. అందులో విదేశాల్లో నేర్చుకుని ఇక్కడ లైసెన్సు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. అంటే ఎంతో కొరత అని చెప్పుకుంటున్న అవసరానికి సరిపడా లైసెన్సులు దాదాపుగా ఇప్పటికే వస్తున్నాయి, పైగా వెనకటి ఏళ్లలో మిగిలిపోయినవాళ్లు క్యూలో అలాగే ఉన్నారు.

కొరత లేదని నేననడం లేదు. ఉంది, కానీ ఎడమ సీట్లో ఉంది. కెప్టెన్లు, వాళ్లలోనూ కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వగల ట్రైనింగ్ కెప్టెన్లు దొరకడం లేదు. 200 గంటల సీపీఎల్‌తో బయటికొచ్చిన కుర్రాణ్ణి రేపటినుంచి విమానం ఎక్కించలేరు. టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి విడిగా తెచ్చుకునే అర్హత) చేయాలి, తర్వాత నిజం విమానం మీద ల్యాండింగులు, ఆ తర్వాత ప్రయాణికులున్న ఫ్లైట్లలో ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని లైన్ ట్రైనింగ్, చివరికి రిలీజ్ చెక్, అంటే శిక్షణ ముగిసిందని తేల్చే పరీక్ష. ఒక ట్రైనింగ్ కెప్టెన్ నెలలో ఎంతమందిని తీసుకోగలడో సంస్థ కూడా అంతమందినే తీసుకోగలదు. విమానాలు వంద వచ్చినా ఈ గొట్టం సన్నగానే ఉంటుంది.

రన్‌వే 27

బ్రో, నువ్వు చెప్పిన లెక్కే నా వైపు కూడా పనిచేస్తుంది. ఎడమ సీట్లో కొరత ఉంటే కుడి సీట్లోవాళ్లు త్వరగా కెప్టెన్లవుతారు, ఒకడు ఎడమకి జరిగితే కుడివైపు ఒక సీటు ఖాళీ. దీనికి తోడు గల్ఫ్ సంస్థలు మన కెప్టెన్లను తీసుకెళ్తూనే ఉన్నాయి. కమాండర్ (కెప్టెన్) వెళ్లాలంటే ఏడాది నోటీసు, ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు అని 2017లోనే డీజీసీఏ రూల్ పెట్టింది, అయినా ఆగడం లేదు. 2023లో ఆకాసా నుంచి 40 మందికి పైగా పైలట్లు నోటీసు కాలం కూడా పూర్తి చేయకుండా వెళ్లిపోతే సంస్థ కోర్టుకెక్కింది. ఇంత వెళ్లిపోతున్న చోట కొత్తవాళ్లకి చోటు లేదంటే ఎలా?

కుడి సీటు

కుడి నుంచి ఎడమకి జరగడానికి ఏటీపీఎల్ (కెప్టెన్‌కి ఉండాల్సిన పై స్థాయి లైసెన్సు) కావాలి, దానికి 1,500 గంటలు, కంపెనీలు ఆపైన ఇంకా అడుగుతాయి. ఏడాదికి 1,000 గంటలకు మించి ఎగరనివ్వరు, చాలామందికి అన్ని గంటలు కూడా రావు. నువ్వు చెప్పిన గొలుసు కదలడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఇతని ఈఎంఐ ఎవరు కడతారు?

ఆర్డర్ల గురించి ఒక మాట. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయిన రోజున వాళ్లకి 200కి పైగా 737 మ్యాక్స్‌ల ఆర్డర్ ఉంది. 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడూ వాళ్లకి రావలసిన ఎయిర్‌బస్‌లు పదుల సంఖ్యలో ఉన్నాయి. కింగ్‌ఫిషర్ సంగతి 2012లో చూశాం. ఒక్కో సంస్థ మూతపడినప్పుడు వందలమంది రేటింగ్, అనుభవం ఉన్న పైలట్లు ఒకేసారి మార్కెట్లోకి వస్తారు. మిగతా సంస్థలు ముందు వాళ్లనే తీసుకుంటాయి, ఎందుకంటే వాళ్లకి శిక్షణ ఖర్చు తక్కువ. 200 గంటలవాడు క్యూలో ఇంకో ఏడాది వెనక్కి పోతాడు. మూతపడకపోయినా, విమానం ఆలస్యమైతే అదే కథ. 2024 జనవరిలో అమెరికాలో ఒక మ్యాక్స్‌కి గాల్లో ఉండగానే డోర్ ప్లగ్ (తలుపు చోట బిగించిన పలక) ఊడిపోయింది, ఆ తర్వాత బోయింగ్ డెలివరీలు నెమ్మదించాయి, ఇక్కడ ఆకాసాలో చేరి శిక్షణ పూర్తి చేసుకున్న పైలట్లు కూడా విమానాల కోసం నెలలకొద్దీ ఎదురుచూశారు. ఇండిగోలో ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల సమస్యతో ఒక దశలో డెబ్బైకి పైగా విమానాలు నేలమీదే ఉండిపోయాయి. విమానం వచ్చి, ఇంజిన్ ఉండి, అది ఎగిరితేనే పైలట్‌కి పని.

మబ్బులదారి

నేను సీపీఎల్ చేసి ఎదురుచూస్తున్నదాన్ని, కాబట్టి నా వైపు నుంచి చెప్తాను అంకుల్. విదేశంలో ఫ్లయింగ్ చేశాను, స్కూల్ పేరు చెప్పను. అక్కడ చెప్పిన నెలల్లో కోర్సు పూర్తి కాలేదు, విమానాలు రిపేర్లు, ఇన్‌స్ట్రక్టర్లు మారిపోవడం, వాతావరణం, ప్రతి నెల ఆలస్యానికీ ఇంటద్దె, తిండి మనమే పెట్టుకోవాలి. తిరిగొచ్చాక ఇక్కడి పేపర్లు, చెక్‌లు, కన్వర్షన్‌కి మళ్లీ ఖర్చు.

అందరూ కోర్సు ఫీజు గురించే మాట్లాడతారు గానీ ఆ తర్వాతి ఖర్చు ఎవరూ చెప్పరు. లైసెన్సు చేతిలో ఉంటే చాలదు, దాన్ని బతికించుకోవాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడనప్పుడు పరికరాలు చూసి నడిపే అర్హత) ఏడాదికోసారి రెన్యూ చేయించాలి, క్లాస్ 1 మెడికల్ (ఈ లైసెన్సుకి కావాల్సిన వైద్య పరీక్ష) ఏడాదికోసారి. ఎగరకుండా కూర్చుంటే చెయ్యి మొద్దుబారుతుంది, సిమ్ (సిమ్యులేటర్) చెక్‌లో అది కనిపిస్తుంది కాబట్టి సిమ్యులేటర్ గంటలు కొనుక్కోవాలి. ఒక్క నోటిఫికేషన్ వస్తే రాతపరీక్ష, సైకోమెట్రిక్, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ, సిమ్, ఇన్ని దశలు. ఒక దశలో పోతే మళ్లీ ఇన్ని నెలలు అప్లై చేయకూడదని నిబంధన. కొన్నిచోట్ల ముందే టైప్ రేటింగ్ ఉన్నవాళ్లనే పిలుస్తారు. అది సొంతంగా చేసుకుంటే ఇంకో 15–20 లక్షలు, ఎ320 మీద చేశాక 737 నోటిఫికేషన్ వస్తే దానికి పనికిరాదు. నేను ఈ పని వదులుకోను, ఎందుకంటే కాక్‌పిట్‌లో కూర్చున్నప్పుడు కలిగిన ఆనందం నాకింకెక్కడా కలగలేదు. కానీ మా నాన్న ఫోన్ చేసిన ప్రతిసారీ కాల్ వచ్చిందా అమ్మా అని అడిగితే జవాబు చెప్పలేకపోతున్నాను, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీ అబ్బాయికి ముందే చెప్పండి.

కౌంటర్ నంబర్ 3

బ్యాంకులో విద్యారుణాలు చూస్తాను. తాకట్టు లేకుండా మామూలుగా దొరికేది ఏడున్నర లక్షల దాకానే, ఆపైన ఆస్తి పెట్టాలి. కోర్సు అయ్యాక కొంతకాలం మారటోరియం ఉంటుంది, కానీ ఆ కాలంలో వడ్డీ ఆగదు, అది అసలుకి కలుస్తుంది. కోర్సు రెండేళ్లనుకుని లోన్ తీసుకుని, అది మూడున్నరేళ్లకి పోయి, ఆ తర్వాత ఉద్యోగానికి ఇంకో రెండేళ్లు పడితే అసలు ఎంతకి పెరుగుతుందో ముందే కాగితం మీద వేసుకోండి. ఇంజినీరింగ్ లోన్ ఎగ్గొట్టడానికి ఆలోచించే కుర్రాళ్లని చూశాను, ఈ పిల్లలు అలా కాదు, కట్టాలనే ఉంటుంది, జీతమే మొదలుకాదు. పొలం మొత్తం మాత్రం అమ్మకండి అన్నా. ఉన్న ఒక్క ఆధారమూ పోతే రేపు టైప్ రేటింగ్‌కి డబ్బు కావాల్సినప్పుడు ఏం పెడతారు?

రన్‌వే 27

మీరంతా కలిసి ఆయన్ని భయపెడుతున్నారు. మొన్న 2025 డిసెంబర్ మర్చిపోయారా? కొత్త డ్యూటీ నిబంధనల రెండో విడత నవంబర్ 1 నుంచి అమల్లోకొచ్చింది. వారపు విశ్రాంతి మొదటి విడతలోనే 36 గంటల నుంచి 48కి పెంచారు, ఈ విడతలో రాత్రి ల్యాండింగులు 6 నుంచి 2కి తగ్గించారు. సరిపడా పైలట్లు లేక ఇండిగో డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా ఫ్లైట్లు రద్దు చేసింది. శంషాబాద్‌లో జనం నేలమీద పడుకున్నారు. చివరికి ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చి, షెడ్యూలు 10 శాతం కోయించారు. అంత పెద్ద సంస్థకే మనుషులు చాలకపోతే పైలట్లకి పని లేదని ఎలా అంటారు? ఇక మీదట ప్రతి సంస్థా విమానానికి ఎక్కువమందిని పెట్టుకోవాల్సిందే.

కుడి సీటు

ఈ పాయింట్ ఒప్పుకుంటాను, ఇన్ని మాటల్లోనూ బలమైనది ఇదే. ఆ నిబంధనలు పైలట్ల అలసట తగ్గించడానికి వచ్చినవి, తెల్లవారుజామున వరసగా నాలుగు రోజులు లేచి ఎగిరితే శరీరం ఏమంటుందో నాకు తెలుసు, అవి గట్టిగా అమలైతే ఒక్కో విమానానికి మనుషులు పెరగాలి. నియామకాలు పెరుగుతాయి కూడా.

కానీ అప్పుడు ఏం జరిగిందో సరిగ్గా చూడు. నిబంధనలు వస్తాయని ఢిల్లీ హైకోర్టు సాక్షిగా నెలల ముందే తెలుసు, జూలై 1న ఒక విడత, నవంబర్ 1న ఇంకో విడత అని తేదీలతో సహా. అయినా తగినంతమందిని తయారు చేసుకోలేదు. ఆ డిసెంబర్ వారంలో మబ్బులదారి లాంటివాళ్లు వందలమంది లైసెన్సుతో ఇళ్లల్లో ఉన్నారు, వాళ్లలో ఒక్కరు కూడా ఆ ఖాళీని ఆ వారంలో పూడ్చగలిగేవాళ్లు కాదు. కొరత, నిరుద్యోగం రెండూ ఒకేసారి ఉన్నాయి. మధ్యలో తెగిన వంతెన శిక్షణ. సంస్థలు సిమ్యులేటర్లు, ట్రైనర్ల మీద డబ్బు పెట్టాలి, టైప్ రేటింగ్ ఖర్చు అభ్యర్థి నెత్తిన వేయడం మానాలి. అది జరగనంతకాలం వంతెన కట్టే ఖర్చంతా ఈ నాన్నలాంటివాళ్ల పొలాల నుంచి వస్తోంది, నా కోపం అక్కడే.

గోదారి నాన్న

అందరికీ ధన్యవాదాలు. ఒకటి అడుగుతాను. ఎయిర్‌లైన్ వాళ్లే క్యాడెట్ ప్రోగ్రాం పెడతారట కదా, అందులో చేరితే ఉద్యోగం ఖాయమా? రెండోది, ఇక్కడి స్కూళ్లలో ఏది మంచిది?

మబ్బులదారి

క్యాడెట్‌లో ఖర్చు కోటి దాటుతుంది అంకుల్, టైప్ రేటింగ్ కూడా సాధారణంగా అందులోనే ఉంటుంది, క్యూలో మాకంటే ముందుంటారు. మా బ్యాచ్‌లో త్వరగా ఎక్కినవాళ్లు ఎక్కువగా క్యాడెట్లే. కానీ వాళ్లిచ్చే లెటర్‌లో షరతులుంటాయి. ఖాళీలు ఉంటే, అన్ని దశలూ పాసైతే అని రాసి ఉంటుంది. సంతకం పెట్టే ముందు లాయర్‌కి చూపించండి, మధ్యలో ఆపితే ఎంత వెనక్కిస్తారో రాతలో అడగండి.

స్కూళ్ల విషయానికొస్తే డీజీసీఏ 2025లో మొదటిసారి ఫ్లయింగ్ స్కూళ్లకి ర్యాంకింగ్ ఇచ్చింది. 35 స్కూళ్లలో ఒక్కదానికీ ఎ గ్రేడ్ రాలేదు, 13 బిలో, 22 సిలో ఉన్నాయి. ఆ జాబితా తీసి, మీరు అనుకుంటున్న స్కూల్ ఎక్కడుందో చూడండి. తర్వాత స్కూల్‌కి స్వయంగా వెళ్లి ఎన్ని విమానాలు ఎగురుతున్నాయో, ఒక్కో విద్యార్థికి నెలకి ఎన్ని గంటలు పడుతున్నాయో అక్కడి పిల్లలనే అడగండి, ఆఫీసులో కాదు. మహారాష్ట్రలోని గోండియా, యూపీలోని ఫుర్సత్‌గంజ్ స్కూళ్ల గురించి చాలామంది చెప్తారు. ఎయిర్ ఇండియా కూడా అమరావతిలో సొంత స్కూల్ ప్రకటించింది, ఏడాదికి 180 మంది లక్ష్యంతో. అది మన అమరావతి కాదు, మహారాష్ట్ర విదర్భలోది, ఫోన్‌లో ఎవరైనా ఇక్కడే అంటే నమ్మకండి.

కుడి సీటు

ఏ స్కూల్‌కీ ఒక్క రూపాయి కట్టక ముందు క్లాస్ 2 మెడికల్ (మొదటి మెట్టు వైద్య పరీక్ష) చేయించండి, ఆపైన క్లాస్ 1. కంటిచూపు, రంగుల గుర్తింపు, ఈసీజీ, వినికిడి, ఎక్కడైనా ఆగిపోతే వేలల్లో తేలిపోతుంది, లక్షలు పోవు. అది పాసైతే డీజీసీఏ కంప్యూటర్ నంబర్ (పరీక్షలకి రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకుని నావిగేషన్, మెటీరియాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లు ఇంటిదగ్గరే చదువుకుని రాయమనండి. పుస్తకాలు, కోచింగ్ కలిపినా ఫ్లయింగ్ ఖర్చులో అది ఎంతో కాదు. ఆ ఏడాదిలోనే డిగ్రీలో చేర్పించండి, దూరవిద్య అయినా ఫర్వాలేదు. పేపర్లు వదలకుండా రాసి పాసయ్యాడంటే ఆ పిల్లాడికి ఓపిక ఉందని తెలుస్తుంది. ఈలోపు ఎయిర్‌లైన్లు ఎంతమందిని తీసుకుంటున్నాయో మీకూ కనిపిస్తుంది.

రన్‌వే 27

మెడికల్ ముందు, ఒప్పుకున్నా. పేపర్లయ్యేదాకా ఫ్లయింగ్ ఆపమంటే మాత్రం ఒప్పుకోను. సీనియారిటీ మీద నడిచే ఉద్యోగం ఇది, ఒక ఏడాది ఆలస్యంగా చేరితే కమాండ్ (కెప్టెన్ హోదా) కూడా ఏడాది వెనక్కి, రోస్టర్, సెలవులు అన్నీ వెనక్కి. డబ్బు సిద్ధంగా ఉన్నవాళ్లు ఆగకూడదు.

కుడి సీటు

డబ్బు సిద్ధంగా ఉన్నవాళ్ల గురించి కాదు కదా ఇక్కడ అడిగింది. పొలం గురించి అడిగారు.

గోదారి నాన్న

మెడికల్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నాను. మా వాడికి చిన్నప్పట్నుంచి కళ్లద్దాలున్నాయి, దాంతో ఇబ్బందా?

మబ్బులదారి

అద్దాలుంటే ఇబ్బంది లేదు అంకుల్, నాకూ ఉన్నాయి. అద్దాలతో చూపు ప్రమాణానికి రావాలి, పవర్ మరీ ఎక్కువ ఉండకూడదు. ఆపరేషన్ చేయించి పంపుదామని మాత్రం తొందరపడకండి, ముందు ఉన్నది ఉన్నట్టుగా డీజీసీఏ ఎగ్జామినర్‌కి చూపించండి.