పురుగుల బయోమాస్: బరువు కోసం ఎన్నింటిని చంపొచ్చు?

మిణుగురు:
నల్లమల అంచున ఉన్న జొన్న చేలు, వాటిని ఆనుకున్న అడవి. రెండు చోట్లా పురుగుల బయోమాస్ (అన్నీ కలిపిన మొత్తం బరువు) పోల్చాలి. ఎగిరేవాటికి మలేజ్ వలలు (గుడారంలా కట్టి, పైకొనలో సీసా బిగించే వలలు), నేల మీద పాకేవాటికి పిట్‌ఫాల్ గుంటలు (నేలలో పాతిన కప్పులు, పాకేవి వాటిలో పడతాయి) అనుకుంటున్నాం. ఆరు నెలలు ఆపకుండా నడపమని సలహా వచ్చింది. అన్ని ప్రాణాలు తీయడం అవసరమా? తగ్గిస్తే లెక్క చెడుతుందా?

తూనికరాయి:
అవసరం లేదండి. మీది పోలిక కాబట్టి ఫలితానికి బలం స్థలాల సంఖ్య వల్ల వస్తుంది. ఒకే వలను వారమంతా నడిపినా అది ఒక్క స్థలం కిందే లెక్క. వారానికి 24 గంటలు నడపండి, అన్ని స్థలాల్లోనూ అదే రోజు. ఒకచోట ఎండ, ఇంకోచోట ముసురు ఉంటే ఆ తేడాయే ఫలితంలా కనిపిస్తుంది. మిగతా రోజుల్లో సీసా ఊడదీసి పైకొన తెరిచి ఉంచితే లోపలికొచ్చినవి పైనుంచి వెళ్లిపోతాయి. ముందుగా ఒక్క విడత పెట్టి స్థలానికీ స్థలానికీ తేడా ఎంతుందో చూసి, ఎన్ని వలలు కావాలో అప్పుడు లెక్కగట్టండి.

సీసాలో 80 శాతం ఆల్కహాల్ పోయండి. మన ఎండలకు అది త్వరగా ఆవిరై, పైన తేలినవి కుళ్లిపోతాయి. కుళ్లిన సీసా తూకానికీ పనికిరాదు, జాతుల గుర్తింపుకీ పనికిరాదు. అన్ని ప్రాణాలూ వృథా. నీడ పట్టున కట్టండి, ఆ 24 గంటలు కాగానే సీసా దించండి.

వేగుచుక్క:
పక్క చేలో ఒక్కసారి మందు కొడితే పోయే పురుగుల ముందు మన వలలు ఎంత? దీనికి ఇంత మథనం ఎందుకు?

తూనికరాయి:
వేగుచుక్క గారూ, రైతు పంట కాపాడుకోవడానికి కొడతాడు. మనం చంపేది ఒక అంకె కోసం. ఆ అంకె నమ్మదగ్గదిగా రాకపోతే మనకు సమర్థనే లేదు. పైగా చిన్న అడవి ముక్కలో గుడ్లు పెట్టాల్సిన ఆడవాటిని నెలల తరబడి తీసేస్తే, మనం కొలుస్తున్న తరుగుదలకు మనమే కారణం కావచ్చు. రస్సెల్, బర్చ్ 1959లో ప్రయోగశాల జంతువుల కోసం చెప్పిన మూడు సూత్రాలు (వీలైతే బదులు వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం) పురుగులకూ వర్తింపజేయాలనే నా అభిప్రాయం. కాలేజీ నైతిక కమిటీల దృష్టి ఎక్కువగా వెన్నెముక ఉన్న జీవుల మీదే ఉంటుంది. కాబట్టి ఈ బాధ్యత మనదే.

గరికపోచ:
పిట్‌ఫాల్ గుంటల గురించి గట్టిగా చెప్పాలి. పడినవి చెడకుండా చాలామంది వాటిలో మెకానిక్ షాపులో దొరికే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పోస్తారు. అందులో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, కుక్కలు, ముంగిసలు, పశువులు తాగితే కిడ్నీలు పాడై చస్తాయి. ప్రొపిలీన్ గ్లైకాల్ వాడండి, ఖరీదు ఎక్కువైనా సరే. రెండు మూడు చుక్కల డిటర్జెంట్ వేస్తే పురుగులు పైన తేలకుండా వెంటనే మునుగుతాయి.

కప్పు అంచు నేల మట్టానికి సమంగా ఉండాలి. కాస్త పైకి లేచినా చీమలు, పెంకు పురుగులు పక్కనుంచి తిరిగి వెళ్లిపోతాయి. మూతి మీద సుమారు ఒక సెంటీమీటరు కన్నాల తీగ జాలీ బిగించండి. కప్పలు, బల్లులు, చుంచులు చాలావరకు ఆగుతాయి. తొలకరి తర్వాత బుల్లి కప్పలు ఆ కన్నాల్లోనూ దూరతాయి, ఆ వారాల్లో గుంటలు మూసేయడమే మంచిది. పైన రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో రేకు పెట్టకపోతే వాన నీళ్లు నిండి అన్నీ కొట్టుకుపోతాయి. పని అయ్యాక కప్పులు పీకి గుంటలు పూడ్చండి.

ద్రవం లేకుండా బతికుండగా పట్టి తూచి వదలొచ్చు. కాకపోతే పొద్దునా సాయంత్రం చూడాలి. లేదంటే వేటాడే పెంకు పురుగులు తోటివాటిని తినేస్తాయి, తూకం మారిపోతుంది.

మిణుగురు:
తూచడమే మానేసి పొడవుతో లెక్కగట్టొచ్చా?

తూనికరాయి:
గట్టొచ్చు. రోజర్స్ బృందం 1976లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: పొడవును మిల్లీమీటర్లలో తీసుకుని 2.62 ఘాతానికి పెంచి, 0.0305తో గుణిస్తే పొడి బరువు (తేమంతా పోయాక మిగిలేది) మిల్లీగ్రాముల్లో వస్తుంది. 10 మిల్లీమీటర్ల పురుగుకు దాదాపు 12.7. స్కేలు పక్కన ఫొటో తీసి వదిలేయొచ్చు. కానీ పొడవు 10 శాతం ఎక్కువ చదివితే బరువు 28 శాతం పెరుగుతుంది. గొల్లభామకూ పుల్ల పురుగుకూ ఒకే సూత్రం సరిపోదు, వర్గాలవారీ సూత్రాలు వెతకండి. స్థానికంగా సరిచూసుకోవడానికి కొన్నింటిని 60 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా నిలిచేదాకా ఆరబెట్టి తూచక తప్పదు. వాటిని తాజావాటి నుంచే తీసుకోండి. ఆల్కహాల్‌లో కొవ్వు కరిగిపోతుంది, అందులో ఉంచినవాటి పొడి బరువు తక్కువ వస్తుంది.

గరికపోచ:
చెట్లలో ఈ దారి ఎప్పుడో పడింది. చెట్టు బరువును అంచనా వేసే ఛావ్ బృందం 2014 సమీకరణం వెనుక 58 ప్రాంతాల్లో నరికి తూచిన 4,004 చెట్లున్నాయి. అందుకే ఇవాళ చుట్టుకొలత, ఎత్తు, కలప సాంద్రత ఉంటే గొడ్డలి అవసరం లేదు. మడ అడవులకు మాత్రం వాటి సమీకరణాలే వాడాలి.

వేగుచుక్క:
సరే, ఒప్పుకుంటున్నాను. అనుమతుల సంగతి?

గరికపోచ:
అటవీ శాఖకు ఇచ్చే దరఖాస్తులో అనుకోకుండా పడేవాటి గురించి కూడా రాయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో (రక్షణ ఉన్న జీవుల జాబితాల్లో) కొన్ని సీతాకోకచిలుకలున్నాయి, మలేజ్ వల వాటిని ఎంచి వదలదు. చేలల్లో రైతును అడిగి, ఏం పెడుతున్నారో చూపించి, ఫలితం చెప్పండి.

తూనికరాయి:
ఇంకొకటి. తూచాక పారేయకండి. జర్మనీలోని క్రెఫెల్ట్ కీటక పరిశోధకుల సంఘం 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లు సేకరించినవాటిని దాచింది. ఎగిరే పురుగుల బరువు 76 శాతం తగ్గిందని 2017లో లోకానికి తెలిసింది వాటివల్లే. వాళ్లు జల్లెడలో వంచి ఆల్కహాల్ కారనిచ్చి, చుక్కకీ చుక్కకీ మధ్య 10 సెకన్లు దాటాకే తూచేవారు. మీరూ అన్ని సీసాలకూ అదే నియమం పెట్టుకోండి. స్థలం, తేదీ, అక్షాంశ రేఖాంశాలు పెన్సిల్‌తో మందపాటి కాగితం మీద రాసి సీసా లోపలే వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.