జులైలో కామినో: మెసెటా మొత్తం రాత్రిపూట నడిచేస్తే?

ఎండంటేభయం:
స్పెయిన్‌లో శాంటియాగో చర్చి దాకా యాత్రికులు నడిచి వెళ్లే కామినో ఫ్రాన్సెస్ అనే దారికి టికెట్లు తీసేసుకున్నా, జులైలోనే సెలవు దొరికింది మరి. శాంటియాగో దాకా దాదాపు 780 కిలోమీటర్లు. కొండలంటే బెంగ లేదు గానీ బుర్గోస్ నగరం దాటాక లియోన్ నగరం దాకా ఉండే మెసెటా అనే మైదానంలో నీడే ఉండదంటున్నారు, నాకేమో ఎండ తగిలి తలనొప్పి పట్టుకుంటే సాయంత్రం దాకా వదలదు. ఆ వారం రోజులూ పగలు పడుకుని రాత్రంతా నడిస్తే ఎలా ఉంటుంది? ఒక్కడినే వెళ్తున్నా. దొంగల భయం పెద్దగా లేదు, దారి తప్పుతానేమోనని టెన్షన్.

రెండుసార్లునడిచా:
చీకటి సంగతి తర్వాత, ముందు మంచం సంగతి చూసుకోండి. అల్బెర్గేలు, అంటే యాత్రికుల సత్రాలు, ఎక్కువ శాతం మధ్యాహ్నం తెరుస్తారు, రాత్రి పదికి తలుపులేస్తారు, పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ చేయమంటారు, మామూలుగా ఒక్క రాత్రే ఉండనిస్తారు. మీరు రాత్రంతా నడిచి ఆరింటికి చేరారనుకోండి, అప్పుడు అందరూ బయటికొస్తుంటారు, మీరు నిద్రమత్తులో చర్చి ముందు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. ఒక రాత్రయితే సరదా, వారమంటే ఒళ్లు హూనం.

దానికన్నా ఐదింటికి బయల్దేరండి. స్పెయిన్ ఎంత పడమరగా ఉన్నా గడియారం మాత్రం మధ్య యూరప్‌ది, అందుకే జులైలో కూడా అక్కడ సూర్యుడు ఏడు దగ్గర పడితే గానీ రాడు. ఆ లెక్కన దాదాపు రెండు గంటలు సూర్యుడు రాకముందే నడుస్తారు, పదకొండుకి పాతిక కిలోమీటర్లు అయిపోతాయి. అసలు మంట సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య, అప్పటికి మీరు బట్టలుతికి ఆరేసి పడుకుని ఉంటారు. కొన్నిచోట్ల ఆరుకి ముందు తలుపు తీయరు, ముందురోజే అడగండి.

కిందమంచంవాడు:
ఐదింటికి లేచేవాళ్లకి దండం పెట్టి చెప్తున్నా, సంచి రాత్రే సర్దుకుని పెట్టుకోండి. చీకట్లో ఒకాయన ప్లాస్టిక్ కవర్‌లో కవరు, అందులో ఇంకో కవరు, కరకరమని పావుగంట సేపు విప్పుతూనే ఉన్నాడు, పైగా హెడ్‌ల్యాంప్ తిన్నగా నా మొహం మీద. గదిలో ఎర్ర లైటు వాడండి లేదా సంచి వరండాలోకి పట్టుకెళ్లండి.

దారితప్పినమనిషి:
దారి విషయం నేను చెప్తా, నాకు అనుభవమైంది. దారి చూపించే పసుపు బాణం గుర్తులు పగలు కళ్లెదురుగానే ఉంటాయి, రాత్రి హెడ్‌ల్యాంప్‌తో ముందుకే చూస్తూ నడిస్తే పక్క గోడ మీదున్న బాణం అసలు కనబడదు. సహగూన్ ఊరు దాటాక కల్సాదా దెల్ కోతో దగ్గర దారి రెండుగా చీలుతుంది, ఒకటి ఎల్ బుర్గో రనేరోకి, రెండోది పాత రోమన్ దారి. కబుర్ల ధ్యాసలో రెండోది పట్టేశాం. అదీ కామినోనే, కానీ ఊళ్లు మరీ తక్కువ, నీళ్లేమో చెరో సీసా. అప్పట్నుంచి చీలిక ఎక్కడుందో ముందురోజే మ్యాప్‌లో చూసుకుంటా, చివరి బాణం చూసి పావుగంట దాటితే వెనక్కి తిరుగుతా, అహం లేదు.

తార్రోడ్డు మీద ఎడమ వైపు నడవండి. అక్కడ ఊరు దాటాక రాత్రి నడిచేవాళ్లు వెలుగు పడితే మెరిసే పట్టీయో జాకెట్టో వేసుకోవాలని చట్టమే ఉంది. ఏదైనా అయితే 112.

ఎండంటేభయం:
మంచం సంగతి నిజంగా తట్టలేదండీ. సరే ఐదింటికే. అయినా ఒక్క రాత్రయినా పూర్తిగా చుక్కల కింద నడవాలని ఉంది, ఎక్కడైతే మంచిది?

రెండుసార్లునడిచా:
కరియోన్ దె లోస్ కోందెస్ నుంచి కల్సదియ్యా దె లా క్వేసా దాకా. 17 కిలోమీటర్లు, మధ్యలో ఒక్క ఊరు లేదు, పాత రోమన్ దారి కాబట్టి దాదాపు తిన్నగా పోతుంది. పగలు అదే పెద్ద శిక్ష. కరియోన్‌లోనే నీళ్లు నింపుకోండి. వెన్నెల లేని రాత్రయితే మధ్యలో లైటు ఆపి ఐదు నిమిషాలు నిలబడండి, పాలపుంత నెత్తిమీదే ఉంటుంది. స్పెయిన్‌లో పాలపుంతని కూడా కామినో దె శాంటియాగో అనే అంటారు. అవతల మంచం మాత్రం ఫోన్ చేసి మాట్లాడుకున్నాకే బయల్దేరండి.