ఘాటీ బండికి పెద్ద బ్రేక్ డిస్కులు వేయిస్తే తప్పేటి?

సునాబెడ_సూరి
నావి రెండు సెవెన్ సీటర్లు ట్రిప్పులకి తిరుగుతున్నాయి. దేవమాలి, గుప్తేశ్వరం, సీజన్లో అరకు. మొన్న పొట్టంగి దాటి సాలూరు వైపు ఘాటీ దిగుతుంటే బ్రేక్ పెడల్ నేలకి ఆనిపోయింది. డ్రైవర్ హ్యాండ్ బ్రేక్ లాగి, బండిని కొండవైపు రాపించి ఆపాడు. లోపల ఎనిమిది మంది. ముందు డిస్కులు 280 మిల్లీమీటర్లవి, వాటిని తీసేసి 330వి, ప్యాడ్లని డిస్కుకి నొక్కే నాలుగు పిస్టన్ల కేలిపర్లతో వేయిద్దామనుకుంటున్నాను. విశాఖలో ఒకాయన బండికి డెబ్భై వేలు అడిగాడు. వేయించినవాళ్ళు చెప్పండి.

కొత్త_స్టీరింగ్
సెవెన్ సీటర్లో ఎనిమిది మందా గురూ?

సునాబెడ_సూరి
ఒకరు చంటిపిల్ల. విషయానికి రండి.

పర్లాకిమిడి_గేర్‌బాక్స్
సూరిగారూ, పెడల్ నేలకి ఆనిందంటే ముందు అనుమానించాల్సింది బ్రేక్ ఆయిల్‌ని. ప్యాడ్లు కాలితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మీది మెత్తబడి లోపలికి పోయిందంటే ఆయిల్ మరిగి పైపుల్లో ఆవిరి చేరినట్టే. తొక్కిన బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఆగాలి, తేమ పట్టాక ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. చివరిసారి ఎప్పుడు మార్పించారు?

సునాబెడ_సూరి
సర్వీసుకిస్తే వాళ్ళే చూస్తారు కదా. నా ప్రశ్న ఒక్కటే. పెద్ద డిస్కులో ఇనుము ఎక్కువ, వేడి ఎక్కువ మింగుతుంది. అవునా, కాదా?

పర్లాకిమిడి_గేర్‌బాక్స్
అవును. కానీ ఘాటీలో పుట్టే వేడి ఎంతో లెక్క కట్టారా? జనంతో కలిపి రెండు టన్నుల బండి 700 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి కోటీ ముప్పై ఏడు లక్షల జౌళ్ళు. నలభై లీటర్ల చన్నీళ్ళని మరిగే దాకా తేవడానికి అది చాలు. అందులో ఇంజను ఎంత పట్టుకుంటే బ్రేకుల మీద అంత తగ్గుతుంది. గేరు వెయ్యకుండా కిందదాకా బ్రేకు మీదే దింపితే 330 డిస్కూ ఎర్రబడుతుంది, కాస్త ఆలస్యంగా. ఇంకోటి. నాలుగు పిస్టన్లు తొయ్యాలంటే ఆయిల్ ఎక్కువ కావచ్చు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచితే పెడల్ ఇంకా కిందికి పోయే ప్రమాదం ఉంది. ముందు బ్రేకుల బలం పెంచి వెనక డ్రమ్ములు అలాగే వదిలేస్తే ముందు వెనకల లెక్కా మారిపోతుంది.

రాయగడ_చిన్నోడు
టాక్సీ పర్మిట్ బండి కదా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూసుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో మార్పుకి 5000 జరిమానా పెట్టారు, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది.

సునాబెడ_సూరి
ఆర్‌సీలో డిస్క్ సైజు ఎక్కడ రాసుందో చూపించు తమ్ముడూ.

రాయగడ_చిన్నోడు
నాకెందుకు, ఫిట్‌నెస్‌కి వెళ్ళినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి.

జయపురం_పాతడ్రైవర్
ఇంతసేపు వింటున్నాను. ఎక్కిన గేరులోనే దిగమని మా గురువు చెప్పేవాడు. లారీకైనా కారుకైనా అదే. సూరిబాబూ, మీ వాడు ఏ గేరులో దింపాడు?

సునాబెడ_సూరి
నేను పక్కన కూర్చోలేదు. అయినా డ్రైవర్ ఎలా నడిపినా ఆగే బ్రేకులు కావాలనే కదా నా బాధ! అందరికీ మీ గురువు దొరకడు పెద్దాయనా.

జయపురం_పాతడ్రైవర్
న్యూట్రల్ కొట్టి దింపుంటాడు. లీటరుకి ఎంత లెక్క కట్టారు వాడికి?

సునాబెడ_సూరి
పదిహేను కిలోమీటర్లు. దానికీ బ్రేకులకీ ఏటి సంబంధం?

జయపురం_పాతడ్రైవర్
తగ్గితే?

సునాబెడ_సూరి
తగ్గితే జీతంలో పట్టుకుంటాను. డీజిల్ నాది. మీరు నన్ను దొంగని అడిగినట్టు అడుగుతున్నారు.

జయపురం_పాతడ్రైవర్
అడుగుతాను. నేనూ ఒక ఓనర్ దగ్గర అలాగే చేశాను. ప్లెయిన్లో వచ్చే మైలేజీ ఘాటీలోనూ రావాలంటాడు. ఘాటీ ఎక్కేటప్పుడు ప్యాసింజర్లు ఏసీ ఆపనివ్వరు, దేవమాలి మీద ఫోటోలు దిగినంతసేపూ ఇంజను ఆపనివ్వరు. ఆ తాగిన డీజిల్ ఎక్కడ రాబట్టాలి? దిగేటప్పుడే. పండక్కి ఇంటికెళ్ళే రోజు జీతం కోసి చేతిలో పెట్టాడు. మీ బ్రేకులు కాల్చింది డ్రైవర్ కాదు, మీ పదిహేను.

సునాబెడ_సూరి
మాటలు జాగ్రత్త. నేను డెబ్భై వేలు పెడతానంటున్నది వాళ్ళ ప్రాణాల కోసమే.

జయపురం_పాతడ్రైవర్
ఆ డెబ్భై వేలకి ఎన్ని లీటర్లొస్తాయో చూసుకోండి బాబూ.

సెమిలిగుడ_లక్ష్మి
పెద్దాయన మాట కఠినమే గానీ నిజం. మావారూ టాక్సీయే.

పర్లాకిమిడి_గేర్‌బాక్స్
కొట్టుకోకండి. న్యూట్రల్‌తో ఇంధనం మిగులుతుందన్నది కార్బురేటర్ పెట్రోలు బళ్ళ నాటి మాట. ఇప్పటి ఇంజెక్షన్ బళ్ళలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్లో అయితే ఐడిల్ తిరగడానికి తాగుతూనే ఉంటుంది. అంటే ఆ డ్రైవర్ బ్రేకులు కాల్చి, పైగా డీజిలూ పారబోశాడు. రెండు బళ్ళకీ డాట్ 4 మార్పించి, మంచి ప్యాడ్లు వేయించి, వెనక డ్రమ్ముల్లో బ్రేక్ షూలు సరిచేయించండి. డెబ్భై వేలలో పావు వంతు కూడా అవ్వదు.

జయపురం_పాతడ్రైవర్
ఇంజెక్షన్ సంగతి నేనూ విన్నాను. ముందు ఘాటీ ట్రిప్పుకి మైలేజీ లెక్క వేరేగా కట్టమనండి, అప్పుడు ఎవడూ న్యూట్రల్ ముట్టడు.

సునాబెడ_సూరి
ఘాటీకి పన్నెండు కడతాను, సరేనా? ఆయిల్ రేపే మార్పిస్తాను. కానీ 330 డిస్క్ నా 16 ఇంచుల వీల్లో పడుతుందో లేదో ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

పర్లాకిమిడి_గేర్‌బాక్స్
మామూలుగా 330కి 17 ఇంచులది కావాలి. అంత పట్టుదలైతే కేలిపర్ కొలతకి అట్టముక్క కోసి వీల్లో పెట్టి చూసుకోండి, డబ్బు కట్టకముందే.

జయపురం_పాతడ్రైవర్
పన్నెండు కాదు, పదకొండు.